పాతదైతే చాలదు

ఇటుకా సున్నం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణం. బజారు మధ్యలో పాత గ్రంథాలయ భవనం ఉంది. ముందు వరండా, ఆరు గుండ్రటి స్తంభాలు, మంగళూరు పెంకుల కప్పు, ముఖద్వారం నెత్తిన సున్నంతో దిద్దిన 1927 అనే అంకె. గ్రంథాలయం చాలాకాలం కిందటే కొత్త భవనంలోకి మారింది. పాతదాన్ని కూల్చి దుకాణాల సముదాయం కట్టాలని పురపాలక సంఘం ఆలోచిస్తోంది. వారసత్వ కట్టడంగా ప్రకటించాలని కుర్రవాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు. 1929లో గాంధీజీ అక్కడ మాట్లాడారని పెద్దవాళ్లు చెబుతారు. కౌన్సిలర్లు మాత్రం ‘పాడుపడ్డ కొంప, పాములకు తప్ప ఎవరికీ పనికిరాదు’ అంటున్నారు. వారసత్వ జాబితాలో పేరుంటే మాత్రం ఏం ఒరుగుతుందని వాళ్లలో ఒకాయన అన్నాడు. రిటైరైన హెడ్మాస్టరునని రెండు పక్షాలూ నన్నే తీర్పు చెప్పమంటున్నాయి. ఎలా తేల్చాలి? ఫొటోలు జతపరిచాను.
(పేరు ప్రచురించవద్దని కోరిన ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారూ, వందేళ్లు కావస్తోంది కాబట్టి కాపాడాలని కుర్రవాళ్లు అంటున్నారు. వందేళ్లు కావస్తోంది కాబట్టి కూల్చాలని కౌన్సిలర్లు అంటున్నారు. ఇద్దరి వాదనా ఒక్కటే, ముగింపులే వేరు. ఆ వయసును కాసేపు పక్కన పెట్టండి. మా ఇంటి పెరట్లో పడున్న రుబ్బురోలుకీ వందేళ్లు దాటి ఉంటాయి, దానికి ఎవరూ పురావస్తు శాఖ నీలం బోర్డు పెట్టరు.

ఈ వందేళ్ల లెక్క 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టంలోది. కనీసం వందేళ్లుగా ఉన్నదైతేనే ఆ చట్టం కింద పురాతన కట్టడం అవుతుంది. అది లోపలికి రానిచ్చే గుమ్మం మాత్రమే. గుమ్మం దాటినవాళ్లందరికీ పీట వేయరు. అయినా మీ భవనం కేంద్రం దాకా వెళ్లవలసిన వ్యవహారం కాదు. ఊరు తేల్చుకోవలసింది.

ఇలాంటి తగాదాలో నేను అడిగే ప్రశ్న ఒకటే. ఈ గోడలు పడిపోతే, ఇంకెక్కడా దొరకని ఏ సంగతి ఊరికి తెలియకుండా పోతుంది? దానికి జవాబు ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఎన్ని సంతకాలున్నా ఆ అర్జీ నిలవదు. ‘చాలా అందంగా ఉంటుంది’, ‘మా నాన్నగారు ఇక్కడే చదువుకున్నారు’ అన్నవి ప్రేమకు సాక్ష్యాలు. ప్రేమ కాదనదగినది కాదు కానీ, అధికారి ఫైలులో దానికి గడి లేదు.

అందం లేని ఇళ్లూ ఈ పరీక్షలో నెగ్గుతాయి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు చూశారా? పనితనం కోసమే వెళ్లినవాడికి అందులో నోరు తెరిచి చూసేంత నగిషీ ఏమీ కనిపించదు. కానీ 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించి, ఊరి వెలిని తట్టుకుని నిలబడ్డ మనిషి బతికిన ఇల్లది. ఆ ఇంటి విలువ దూలాల్లో లేదు. దానికి పూర్తి ఎదురు ఉదాహరణ హైదరాబాదులోని ఇర్రం మంజిల్. నవాబు ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో గుట్ట మీద కట్టించుకున్న మహలు. అక్కడ ఏ ఉద్యమమూ పుట్టలేదు. ఆ కాలపు ప్రభువుల దర్జా ఎంతటిదో చెప్పడానికి ఆ కట్టడమే సాక్షి. రెండూ కాపాడదగినవే, కారణాలు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేనివి. మీ గ్రంథాలయానికి ఏ కారణమో ముందు వెతకాలి.

గాంధీజీ సంగతి తేల్చేద్దాం. 1929 ఏప్రిల్, మే నెలల్లో ఖద్దరు నిధి కోసం ఆయన ఆంధ్ర జిల్లాలు తిరిగిన మాట నిజం. అందువల్లే మన దగ్గర ప్రతి రెండో ఊరికీ ‘గాంధీగారు వచ్చారు’ అనే కథ ఉంది. కొన్ని నిజం, కొన్ని పక్క ఊరి నుంచి నడిచి వచ్చినవి. ఆయన సంపూర్ణ రచనల సంపుటాలు నూరు ఉన్నాయి. వాటిలో ఆ పర్యటన నాటి ఉపన్యాసాలూ ఉత్తరాలూ తేదీలు, ఊళ్ల పేర్లతో సహా ఉంటాయి. అక్కడ చూడండి. ఆ పైన ఆనాటి ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక సంచికలు చూడండి. వేటపాలెం మీకు దూరం కాదు. 1918లో మొదలైన సారస్వత నికేతనంలో పాత పత్రికల సేకరణ పేరు పొందింది. వెళ్లినవాళ్లు గాంధీజీ చేతికర్ర కూడా చూసి రావచ్చు.

దొరికిందే అనుకోండి. అప్పుడూ ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఆయన మాట్లాడింది భవనంలోనా, భవనం పక్క మైదానంలోనా? వేలమంది వచ్చిన సభ మీ వరండాలో జరిగి ఉండదు. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు మూసీ వరదలో 150 మంది దాకా దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఇప్పుడు కనిపించే ఆసుపత్రి భవనం ఆ తర్వాత కట్టింది. వరద జ్ఞాపకం చెట్టుది, భవనానిది కాదు. భవనానికి దాని గొప్ప దానికి వేరే ఉంది. అలాగే మీ ఊళ్లోనూ సభ మైదానంలో జరిగితే ఫలకం మైదానంలో పెట్టండి. భవనానికి అరువు గొప్ప అంటగడితే, అవతలి పక్షం వకీలు మొదటి వాయిదాలోనే దాన్ని ఊడబీకుతాడు, దాంతో అసలు గొప్ప కూడా కొట్టుకుపోతుంది.

ఆ అసలు గొప్ప మీరు పంపిన ఫొటోల్లోనే ఉంది, మీరెవరూ దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. లోపలి గది తలుపు పక్కన గోడలో పొదిగిన రాతి పలక. దాని మీద ఎన్ని పూతల వెల్ల పడిందో గాని అక్షరాలు పూడిపోయాయి. అయినా పక్కవాటు వెలుతురులో కొన్ని వరుసలు చదవడానికి వస్తున్నాయి. అది చందాదారుల జాబితా. పైన నాలుగైదు పేర్లకు ఎదురుగా మూడంకెల మొత్తాలు. కిందికి వచ్చేకొద్దీ పేర్లు పెరిగి మొత్తాలు తగ్గాయి. అట్టడుగు వరుసల్లో రూపాయి, అర్ధరూపాయి. ఒక పేరు పక్కన డబ్బుకు బదులు ‘ఇటుక రెండు బండ్లు’ అని ఉన్నట్టుంది. భూతద్దం పెట్టి చూశాను, అలాగే కనిపించింది.

అది చూశాక నాకు గాంధీజీ ప్రసక్తి అక్కర్లేకపోయింది. మన దేశంలో గ్రంథాలయాలను సంస్థానాధీశులు పెట్టారు, ప్రభుత్వాలు పెట్టాయి. ఆంధ్రదేశంలో వాటిని ఒక ఉద్యమంగా జనం పెట్టుకున్నారు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగి రాష్ట్ర సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివాళ్లు జీవితాలు దానికే ఇచ్చారు. 1935లో మీ డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఆ ఉద్యమానికి పుస్తకాల్లో చరిత్ర ఉంది. కానీ ఊరివాళ్లు చందాలు వేసుకుని కట్టుకున్న భవనం, ఎవరెంత ఇచ్చారో రాయి మీద చెక్కిన లెక్కతో సహా నిలిచి ఉండటం వేరే విషయం. ‘గ్రంథాలయోద్యమ కాలంలో ఈ పట్టణ ప్రజలు రూపాయీ అర్ధా పోగుచేసి కట్టుకున్న భవనం, ఆ లెక్క నేటికీ గోడలో ఉంది.’ ఇదిగో మీ ఒక్క వాక్యం. ఈ రోజుకీ ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కట్టే మీ కౌన్సిలర్లకు ఇది చదివి వినిపించండి.

అయితే ఆ మాట చెప్పేది భవనమే కావాలి. ఆ పలక ఒక్కటే మిగిలి, చుట్టూ ఉన్నదంతా మారిపోయి ఉంటే పలకను తీసి కొత్త గ్రంథాలయంలో పెడితే సరిపోతుంది కదా అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. అందుకే భవనం ఎంత మిగిలిందో చూడాలి. ఒక మేకు తీసుకుని వెళ్లండి. కనిపించని మూలల్లో నాలుగైదు చోట్ల ఇటుకల సందులో గీకండి. తెల్లగా, మీగడ రంగులో పొడి రాలితే గానుగ సున్నం. బూడిద రంగులో మేకుకు లొంగకుండా ఉంటే సిమెంటు, అంటే తర్వాతి మరమ్మతు. మీ ఫొటోల్లో వీధి వైపు గోడ కింది భాగం మూడడుగుల మేర సిమెంటు పూత కనిపిస్తోంది. దాని పైనే ఇటుక పొట్టు రాలుతోంది. ఇది నాకు వల్లమాలిన కోపం తెప్పించే పని. సున్నపు గోడ నేల చెమ్మను పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. దానికి సిమెంటు తొడిగితే చెమ్మ పైకి ఎగబాకి, ఉప్పు పేరి, ఇటుకను పొట్టు పొట్టుగా రాలుస్తుంది. తర్వాత ఎవరో వచ్చి ‘గోడలు కుళ్లాయి, కూల్చాలి’ అని నివేదిక రాస్తారు. ఆ గోడలకు జబ్బు లేదు, వైద్యమే జబ్బు.

వెనక గది ఇనుప దూలాల మీద అక్షరాలున్నాయా చూడండి. చాలాచోట్ల కంపెనీ పేరు దూలం మీదే ఉబ్బెత్తుగా ఉంటుంది. టాటా అని ఉంటే ఆ దూలం 1912కు ముందుది కాదు, జంషెడ్‌పూరులో ఉక్కు తయారీ మొదలైందే అప్పుడు. పెంకు తిరగేస్తే కార్ఖానా ముద్ర కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త, పెంకులు గాలివానకల్లా మారుతుంటాయి. వాటి ముద్ర కప్పు వయసు చెబుతుందే గాని గోడ వయసు చెప్పదు. స్తంభాలు, వరండా, తలుపులు, ముందు గోడ మొదటివే అని మీ ఫొటోలను బట్టి నాకు అనిపిస్తోంది. వెనక కాంక్రీటు గదులూ, మరుగుదొడ్డీ తర్వాత చేరినవి. వాటిని కాపాడమని అడగకండి. ‘ఇవి మాకు అక్కర్లేదు, కావాలంటే తీసేయండి’ అని మీరే రాస్తే మీ మాటకు విలువ పెరుగుతుంది. ప్రతి గోడకూ పోట్లాడేవాణ్ని ఏ కమిషనరూ నమ్మడు.

ఇక తీర్పు అడిగారు. రాష్ట్ర రక్షిత కట్టడం చేయమని అడిగితే నేను చేయి ఎత్తను. ఆ స్థాయికి పనితనంలో గాని, ప్రాంతమంతటికీ ఉన్న ప్రాముఖ్యంలో గాని ఇది చాలదు. ఊరి స్థాయి వారసత్వంగా మాత్రం రెండు చేతులూ ఎత్తుతాను. ఈ స్థాయీ భేదం నేను కల్పించింది కాదు. 1995లో హైదరాబాదు పట్టణాభివృద్ధి నియమాల్లో చేర్చిన 13వ నిబంధన కట్టడాలను శ్రేణులుగా విడదీసింది. దేశ స్థాయి ప్రాముఖ్యం ఉన్నవాటిని దాదాపు ముట్టుకోకూడదు. ఆ కింద ప్రాంతీయ ప్రాముఖ్యం, ఆ కింద వీధికీ పేటకూ కళ తెచ్చేవి. కిందికి వచ్చేకొద్దీ మార్పులకు వెసులుబాటు ఎక్కువ. ఆ నిబంధనను 2015లో ఎత్తేశారు, 2017లో తెలంగాణ వేరే చట్టం చేసుకుంది. ఆ ఆలోచన మాత్రం ఏ ఊరికైనా పనికొస్తుంది. అన్నిటికీ చార్మినార్ మర్యాదే జరగాలంటే ఏ ఒక్కటీ మిగలదు.

జాబితాలో పేరుంటే ఏం ఒరుగుతుందని మీ కౌన్సిలరు ఒకాయన అన్నట్టు రాశారు. కొత్త శాసనసభ కోసం ఇర్రం మంజిల్‌ను కూల్చాలని 2019లో మంత్రివర్గమే నిర్ణయించింది. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం బాగుందా లేదా అన్నది అక్కడ అసలు తగాదా కాదు. వారసత్వ కట్టడం విషయంలో పాటించవలసిన పద్ధతిని పాటించలేదన్నదే ప్రధానం. జాబితాలో ఒక వరుస లేకపోతే ఆ వాదనకు కాళ్లే లేవు.

కానీ ఒక్క సంగతి కుర్రవాళ్లకు గట్టిగా చెప్పండి. బోర్డు పెట్టి తాళం వేసిన భవనం కూల్చినదానికంటే నెమ్మదిగా పోతుంది, అంతే తేడా. మున్సిపాలిటీకి కావలసింది అద్దెలు. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది. దాన్ని బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. అంగళ్లు అంగళ్లుగానే ఉన్నాయి, ఐస్‌క్రీం తినేవాళ్లు తింటూనే ఉన్నారు. మీ వరండా వెంబడి పుస్తకాల అంగడో, కాఫీ దుకాణమో అద్దెకిచ్చి, వెనక కాంక్రీటు గదులు తీసేసిన స్థలంలో కొత్త దుకాణాలు కట్టుకోవచ్చని ఒక నక్షా గీయించి పట్టుకెళ్లండి. నినాదం రాసిన అట్ట కంటే కౌన్సిల్ సమావేశంలో నక్షా ఎక్కువ పని చేస్తుంది.

ముందుగా స్థలం ఎవరిదో తేల్చండి. మున్సిపాలిటీదా, జిల్లా గ్రంథాలయ సంస్థదా, ఆనాటి సంఘం పేరనే ఉండిపోయిందా? సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత దస్తావేజు నకలు తీయించండి. ఆ కాగితమే సగం కేసు గెలిపించవచ్చు. తర్వాత కమిషనరుకూ, కలెక్టరుకూ, రాష్ట్ర పురావస్తు శాఖకూ అర్జీ. ఒక్క పేజీ చాలు. ఆ ఒక్క వాక్యం, దానికి సాక్ష్యాలు, మిగిలినదేమిటి, పోయినదేమిటి, ఎలా వాడుకోవచ్చు. టెండరు పిలవక ముందే అందాలి. పలక మీది వెల్లను మాత్రం ఎవరూ ఉలితోనో యాసిడ్‌తోనో తీయకుండా చూడండి. తడిగుడ్డ, వెదురు పుల్ల, ఓపిక ఉన్న మనిషి ఉంటే చాలు.

ప్రశ్న: మాది తాతల నాటి మండువా లోగిలి. దాన్ని వారసత్వ కట్టడాల జాబితాలో చేరుస్తామని కొందరు వచ్చి కొలతలు తీసుకున్నారు. ఇల్లు మా చేతుల్లోంచి పోతుందని మా తమ్ముడి భయం. ఏసీ కూడా పెట్టుకోనివ్వరా?
(తూర్పుగోదావరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఇల్లు మీదే. జాబితాలో చేరినంత మాత్రాన యాజమాన్యం మారదు. అమ్ముకోవచ్చు, పంచుకోవచ్చు. మారేదల్లా, కూల్చాలన్నా రూపం మార్చాలన్నా ముందు అనుమతి కావాలి. ఏసీ పెట్టుకోండి, వీధి వైపు చెక్కిన కిటికీ కోసి పెట్టకండి. వెనక గోడకు పెట్టి, నీటి గొట్టం మండువాలోకి వదలకుండా చూసుకుంటే చాలు.

మీ తమ్ముడి భయం పూర్తిగా ఉత్తదని మాత్రం అనను. కర్ర దూలం మార్చాలంటే ఈ రోజుల్లో టేకు ధర మీకు తెలుసు. మేస్త్రీకి సున్నం పని రాదు. ఖర్చు మీది, గొప్ప ఊరిది అయితే ఎవరికైనా కడుపు మండుతుంది. అందుకే కొలతలు తీసుకున్నవాళ్లను రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఏ శ్రేణిలో చేరుస్తున్నారు? బదులుగా ఏమిస్తారు? ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లోనే వారసత్వ భవనాలకు టీడీఆర్ ఇచ్చే వీలు పెట్టారు. అంటే మీరు అక్కడ కట్టకుండా వదులుకున్న అంతస్తుల హక్కును వేరేచోట వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. మీ ఊళ్లో ఇప్పుడు అది ఎలా అమలవుతోందో పట్టణ ప్రణాళికా విభాగంలో తెలుసుకోండి. జవాబు రాకముందే సంతకం పెట్టవద్దు. అభ్యంతరం చెప్పడానికి మీకు గడువు ఉంటుంది. కేంద్ర చట్టంలో అయితే ఉద్దేశ ప్రకటన వెలువడ్డాక రెండు నెలలు.

ప్రశ్న: మా ఇల్లు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని గుడికి 150 మీటర్ల దూరం. పైన ఒక గది వేసుకోకూడదంటున్నారు. నిజమేనా?
(ఒక చిన్న వ్యాపారి)

జవాబు: సగం నిజం. 2010 సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, కొత్త నిర్మాణం కుదరదు. ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీరు రెండోదానిలో ఉన్నారు కాబట్టి అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. కాకపోతే కొలత గుడి గోపురం నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. హద్దు ఎక్కడుందో ముందు చూసుకోండి, మీ 150 మీటర్లు 90 అయిపోవచ్చు.

ప్రశ్న: న్యూజెర్సీలో మా తెలుగు బృందం గుడి కోసం ఒక పాత చర్చి కొనాలనుకుంటోంది. అది ‘హిస్టారిక్’ అని ఏజెంటు చెప్పాడు. ముందు భాగంలో గోపురం కట్టుకోనిస్తారా?
(ఎడిసన్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఏ జాబితాలో హిస్టారిక్ అని ఏజెంటును అడిగారా? అక్కడ ఒకే మాటతో చాలా వేరువేరు సంగతులు చెలామణీ అవుతాయి. 1966 చట్టంతో వచ్చిన జాతీయ చారిత్రక స్థలాల పట్టిక ఒకటి. సాధారణంగా 50 ఏళ్లు దాటినవే అందులోకి వస్తాయి. ప్రార్థనా మందిరాలను మామూలుగా చేర్చరు, నిర్మాణ కళ వల్లనో చరిత్ర వల్లనో విశిష్టమైతేనే చేరుస్తారు. ఆ పట్టికలో ఉందంటే మీ చర్చి చూడదగినదే అన్నమాట. కానీ సొంత డబ్బుతో సొంత ఆస్తిలో చేసే పనికి ఆ జాతీయ పట్టిక అడ్డు రాదు.

అడ్డు వచ్చేది ఊరి స్థాయి గుర్తింపు. ఊరి శాసనం కింద గుర్తించి ఉంటే బయటి మార్పులు స్థానిక చారిత్రక సంరక్షణ కమిషన్ ముందుకు వెళ్లవలసి రావచ్చు. వాళ్ల చూపు ఎక్కువగా వీధిలోంచి కనిపించేదాని మీద ఉంటుంది. లోపల గర్భాలయం, మండపం, నేల ఎలా చేసుకున్నా సాధారణంగా పట్టించుకోరు. గోపురం ముందే కావాలని పట్టుబడితే మాత్రం చాలా సమావేశాలు కూర్చోవలసి ఉంటుంది. వెనకవైపు, చర్చి శిఖరం కంటే తక్కువ ఎత్తులో అంటే వినేవాళ్లు దొరుకుతారు. నన్నడిగితే పాత చర్చి ముఖం అలాగే ఉంచి, వెనక విమానం లేపడమే బాగుంటుంది. దానికోసం చర్చి గంట దింపించవద్దు, మనకూ పనికొస్తుంది. కొనుగోలు ఒప్పందంలో కమిషన్ అనుమతి వస్తేనే బేరం ఖాయమని షరతు రాయించుకోండి. బయానా ఆ తర్వాతే.